తొమ్మిదో తరగతిలో టీసీ చేతికివ్వని బడి కావాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

చిత్తూరులోని ఒక క్రైస్తవ పాఠశాలకు ఈ విద్యా సంవత్సరం కొత్త ప్రిన్సిపాల్ మేడం వచ్చారు. బడి తెరిచిన కొద్ది రోజులకే పేరెంట్స్ మీటింగ్ పెట్టి, రాబోయే ఐదేళ్లలో స్కూలును ఎలా తీర్చిదిద్దాలనుకుంటున్నారో తెర మీద వేసి చూపించారు. మా మనవరాలు అక్కడ ఏడో తరగతి. దాని అమ్మానాన్నలకు ఆ రోజు సెలవు దొరక్క నన్ను పంపారు. గ్రీమ్స్‌పేటలో నాది టైలరింగ్ షాపు. ఆ స్కూలు యూనిఫాం చాలా ఏళ్లుగా కుడుతున్నాను, చిన్నప్పుడు అక్కడే చదువుకున్నాను కూడా. మీటింగులో ఒక మాట అడుగుదామనుకున్నాను గానీ, చివర్లో ప్రశ్నలకు ఇచ్చిన కాసేపట్లో మైకు ముందు వరసలు దాటి వెనక్కి రాలేదు. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను. స్కూలు పేరు రాయను. ఇది చదివితే వాళ్లకు తెలుస్తుంది, మిగతావాళ్లకు పేరుతో పని లేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్క స్కూలు సంగతి కూడా కాదు.

ముందు మంచి చెప్పాలి. మేడం పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతారు. గుడిపాల, యాదమరి వైపు నుంచి వచ్చే బిడ్డలు ఏడు గంటలకే బస్సెక్కాలి, సగం మంది ఖాళీ కడుపుతోనే వస్తారు. ఆమె ఒక్కొక్కరినీ ఆపి టిఫిన్ తిన్నావా అని అడుగుతారు. లేదన్నవాళ్లను ఆఫీసు గదికి పంపి అరటిపండో, బిస్కెట్లో ఇప్పిస్తారు. వచ్చిన మొదటి వారమే స్టాఫ్ రూములోని బెత్తాలన్నీ తీయించి తోటమాలికి ఇచ్చేశారు. ఇప్పుడవి బడి వెనకాల టమాటా మొక్కలకు కట్టి ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. పిల్లలను కొట్టకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది గానీ, బెత్తం గది దాటి బయటికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆమె మనసు మంచిదన్న విషయంలో నాకు అనుమానం లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇక లక్ష్యాలు. టెన్త్‌లో నూటికి నూరు శాతం పాస్, అందులో సగం మందికి 600కు 550 పైన. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ప్రతి గదిలో డిజిటల్ బోర్డు. గేటు దాటి లోపలికొస్తే ఇంగ్లీషే మాట్లాడాలి. రోజూ ఉదయం బైబిల్ వాక్యం, వారంలో రెండు పీరియడ్లు విలువల పాఠం. వచ్చే ఏడాది నుంచి టై, బ్లేజర్‌తో కొత్త యూనిఫాం. ప్రార్థన చేసి ముగించారు. మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషులోనే నడిచింది. బయటికొచ్చాక గంగాధర నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకామె, "ఏమన్నా, ఫీజు పెంచతారంటనా?" అని నన్నడిగింది. అంతసేపు కూర్చుని విన్నాక ఆమెకు మిగిలిన అనుమానం అదొక్కటే. ఫీజు మాట మేడం ఎత్తనే లేదు. నిజం చెప్పాలంటే నా అనుమానమూ అదే.

బ్లేజర్ గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉంది. బేరం పోతుందని ఏడుస్తున్నాడు అంటే అననీండి. బ్లేజర్లు రెడీమేడ్‌గా బయటి ఊరి నుంచి తెప్పిస్తారట, నాకు పోయేది నిజమే. అయినా జూన్ నెలలో ఒక్క పూట నా షాపులో కూర్చుంటే ఎవరికైనా సంగతి తెలుస్తుంది. కొలత టేపు తీసేలోపే తల్లులు, "పెరిగే బిడ్డ కదన్నా, కింద మడత ఎక్కువ వదులు" అంటారు. స్కర్టు అంచు మూడంగుళాలు లోపలికి మడిచి కుడతాను. మరుసటి జూన్‌లో అదే స్కర్టు మళ్లీ వస్తుంది. మడత విప్పితే లోపల దాగిన గుడ్డ ముదురు రంగులో ఉంటుంది, పైదంతా ఎండకు, ఉతుకుకు వెలిసి ఉంటుంది. ఆ రెండు రంగులు కలిసే చోట గీత పడుతుంది. అది కనపడకుండా సన్న పట్టీ ఒకటి వేసి కుట్టి ఇస్తాను. అక్క తొడిగింది చెల్లెలికి, చెల్లెలు తొడిగింది చిన్నాన్న కూతురికి. ఒక జత అలా ఏళ్ల తరబడి నడుస్తుంది. బ్లేజర్‌కు విప్పడానికి మడత ఉండదు. లోపల లైనింగు, భుజంలో ప్యాడ్. బిడ్డ భుజం దాటిందంటే మూలన పడేయాల్సిందే. రెండు వేలకు తక్కువ రాదు, ఇంట్లో ఇద్దరుంటే నాలుగు వేలు.

ఎండ సంగతి వేరే చెప్పాలా? మార్చి సగానికే ఒంటిపూట బడులు పెట్టే ఊరు మనది. నేను కోర్టు లాయర్లకు నల్ల కోట్లు కుడతాను. ఎండాకాలంలో కింది కోర్టుల్లో కోటు తప్పనిసరి కాదని వాళ్ల బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఫ్యాన్ కింద నిలబడి వాదించే పెద్దవాళ్లకే ఆ వెసులుబాటు ఉంటే, ఆటోలో పదిమంది మధ్య ఇరుక్కుని వచ్చే ఐదో తరగతి బిడ్డకు లైనింగు కోటు ఎందుకో నాకు అంతుబట్టలేదు. బ్రోచర్లో ఫొటోకు బాగుంటుంది, అది ఒప్పుకుంటాను.

అయితే ఈ ఉత్తరం బ్లేజర్ కోసం కాదు, ఆ నూటికి నూరు కోసం.

నూరు శాతం రెండు రకాలుగా వస్తుంది. అందరికీ చదువు చెప్పి గట్టెక్కించడం ఒకటి. గట్టెక్కరనుకున్నవాళ్లను పరీక్ష దాకా రానివ్వకపోవడం ఇంకొకటి. ఈ రెండోది ఎలా జరుగుతుందో చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. తొమ్మిదో తరగతి చివర్లో ఇంటికి ఫోన్ వస్తుంది. వెళ్తే ఎవరూ కోప్పడరు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీవాడికి ఇక్కడ టెన్షన్ ఎక్కువైపోతోంది, వేరే స్కూలైతే ఫ్రీగా ఉంటాడు, వాడి మంచికే చెబుతున్నాం" అంటారు. టీసీ కోసం రాసుకోవలసిన అర్జీ కూడా వాళ్లే రాసిపెట్టి ఉంటారు, కింద సంతకం చేస్తే చాలు. తల్లిదండ్రులే అడిగి తీసుకున్నట్టు లెక్క. కాగితం మీద ఆ బడి ఎవరినీ వెళ్లగొట్టలేదు.

మా వీధిలో ఆటో నడిపే అతని పెద్ద కొడుకుకు ఇలాగే జరిగింది. ఈ మేడం రాకముందు సంగతి, ఆమెకు ఏ సంబంధం లేదు. అది ఈ స్కూలా, ఇంకోటా అన్నది కూడా వదిలేద్దాం. టెన్త్‌కు పోతాడు కదా అని వాళ్లమ్మ ఏప్రిల్‌లోనే రెండు జతలు నా దగ్గర కుట్టించింది, జూన్‌లో రద్దీ ఉంటుందని. జూన్‌లో ఆ రెండు ప్యాంట్లూ పట్టుకొచ్చి, "చిన్నోడికి సరిపోయేటట్టు చేయన్నా, వీడు గవర్నమెంట్ హైస్కూలుకు పోతాడు" అంది. ఒక్కసారి కూడా తొడగలేదు. ఇస్త్రీ మడత అలాగే ఉంది, కాజాల దగ్గర గుండీ పెట్టిన గుర్తు కూడా పడలేదు. టెన్త్ పిల్లవాడి ప్యాంటు ఆరో తరగతి వాడికి తగ్గించాలంటే నడుము, సీటు, కాళ్లు అన్నీ విప్పాలి, దానికంటే కొత్తది కుట్టడం సులువు. విప్పి కుట్టాను, కూలి తీసుకోలేదు. పెద్దవాడు గవర్నమెంట్ స్కూలు నుంచే పరీక్ష రాసి పాసయ్యాడు, మార్కులు 400 దాటాయి. అంటే వాళ్లు భయపడ్డట్టు వాడేమీ ఫెయిలయ్యే బాపతు కాదు. పోనీ, ఫెయిలయ్యేవాడే అనుకుందాం. అప్పుడైతే పంపేయొచ్చా?

కోటు కొలతకు వచ్చిన ఒక లాయర్ గారిని దీని గురించి అడిగాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు, తొమ్మిదికి వచ్చేసరికి ఆ చట్టానికి పట్టు లేదు అన్నారు. పైగా 2014 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం, రాజ్యాంగం 30వ అధికరణ కింద నడిచే మైనారిటీ స్కూళ్లకు ఆ చట్టమే వర్తించదని తీర్పిచ్చింది. పేద పిల్లలకు 25 శాతం సీట్ల నిబంధన కూడా వాటికి లేనట్టే. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు జడ్జిలు ఆ తీర్పు మీద అనుమానం వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనం మళ్లీ చూడాలన్నారు. అది అలా ఉంచితే, తమ బడిని తాము నడుపుకునే హక్కు క్రైస్తవులకు రాజ్యాంగమే ఇచ్చింది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ చట్టం మెడ మీద కూర్చోనప్పుడు ఇంకొంచెం ఎక్కువ చేయాలి గానీ, తక్కువ చేయడమేం పద్ధతి?

మేము చదివే రోజుల్లో మోరల్ క్లాసులో చెప్పిన కథ ఒకటుంది. మేడంకు నాకంటే బాగా తెలుసు. నూరు గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటినీ వదిలి దాన్ని వెతుక్కుంటూ పోతాడు. ఇప్పటి బళ్లు ఆ ఒక్కదాన్ని ముందే మందలోంచి తప్పించి, మిగిలినవన్నీ క్షేమమని గాంధీ రోడ్డులో ఫ్లెక్సీ కడుతున్నాయి.

నా చదువు సంగతీ చెబుతాను. లెక్కల్లో నేను ఎప్పుడూ అడుగు బెంచీయే. క్వార్టర్లీలో ఫెయిలైనవాళ్లను మా లెక్కల అయ్యవారు సాయంత్రం ఇంటికి పోనిచ్చేవారు కాదు. బోర్డింగు పిల్లలతో పాటు వరండాలో కూర్చోబెట్టి, నేల మీద సుద్దముక్కతో లెక్కలు చేయించేవారు. ట్యూషన్ ఫీజు అన్న మాటే లేదు. చీకటి పడుతుంటే వాళ్లింటి నుంచి వాళ్లావిడ బొరుగులు, శనక్కాయలు ఒక చాటలో తెచ్చి మా మధ్యన పెట్టేది. బొరుగుల కోసమే ఆగినవాళ్లు కూడా ఉన్నారు. నాకు లెక్కల్లో 38 వచ్చాయి, 35 వస్తే పాసు. ఆ 38 ఏ ఫ్లెక్సీకీ ఎక్కలేదు. కానీ ఇంకో నాలుగు మార్కులు తగ్గి ఉంటే మా నాన్న నన్ను అప్పుడే ఇటుకల బట్టీకి పంపేసి ఉండేవాడు.

మీటింగులో ఒక స్లైడు మీద డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫొటో వేసి, ఇలాంటి నాయకులను తయారుచేద్దాం అన్నారు. మంచిదే. ఆయన 1896 నుంచి 1900 దాకా తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ స్కూల్లో చదివారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా పుట్టనే లేదు, అది ఏర్పడింది 1911లో. తిరుపతి అప్పట్లో ఉత్తర ఆర్కాటు కింద ఉండేది. ఆ తర్వాత వేలూరులో వూర్హీస్ కాలేజీ, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. మూడూ మిషనరీలు పెట్టినవే. డబ్బున్న ఇల్లు కాదు, స్కాలర్‌షిప్పుల మీదే చదువు సాగింది. అక్కడి గురువులు హిందూ మతాన్ని విమర్శిస్తుంటే, ఆ విమర్శలే తనను వేదాంతం లోతుగా చదివేలా చేశాయని ఆయనే తర్వాత రాసుకున్నారు. ఎం.ఏ.కు రాసిన వ్యాసం కూడా వేదాంతంలోని నీతి గురించే. దాన్ని మెచ్చుకున్న ప్రొఫెసర్ ఏ.జి. హాగ్ క్రైస్తవుడే. ఎదురు ఆలోచించే కుర్రవాణ్ని సాగనంపకుండా చదివించిన బళ్లు అవి. మేడం ఆ ఫొటో వేసేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి ఉంటే నాకు ఇంకా నచ్చేది.

అలాగే మన పక్కనున్న రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి. ఒంట్లో బాగా లేకపోతే చిత్తూరోళ్లందరం పరిగెత్తేది అక్కడికే. అమెరికా మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ దొరసాని దాన్ని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టారు. ఆడపిల్లలు డాక్టరీ చదువుతారా, పాసవుతారా అని పెద్ద పెద్ద డాక్టర్లే అనుమానపడుతున్న రోజుల్లో, 1918లో ఆడవాళ్లకే మెడికల్ స్కూలు పెట్టారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రిని మిషన్ వాళ్లే 1915లో తెరిచారు, క్షయ అంటే ఇంట్లోవాళ్లే దూరం జరిగే కాలంలో. ఈ ప్రాంతంలో మిషన్ వాళ్లు పెట్టిన బడైనా, ఆసుపత్రైనా, ఇక వీళ్ల వల్ల కాదులే అని మిగతావాళ్లు వదిలేసిన మనుషులతోనే మొదలైంది. కొత్త ప్రిన్సిపాల్‌కు లక్ష్యం కోసం బయట వెతుక్కునే పని లేదు, మెట్ల దగ్గర గోడలో పెట్టిన శంకుస్థాపన రాయి దగ్గర నిలబడితే చాలు.

ఉదయం వాక్యం విషయంలో కొందరు తల్లిదండ్రులు గొణుగుతున్నారు. నాకైతే ఏ ఇబ్బందీ లేదు. మా ఇంట్లో గంగమ్మ జాతరకు వేషం కట్టే ఆచారం ఉంది, క్రిస్మస్‌కు నేను కీర్తనలూ పాడాను, ఏదీ దేనికీ అడ్డం రాలేదు. అభ్యంతరం ఉన్నవాళ్ల కోసం 28వ అధికరణ ఉండనే ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ప్రార్థనలో పాల్గొనడానికి మైనరు బిడ్డ అయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తెలుగులో ఒక కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటే గొణుగుడు ఆగిపోతుంది.

ఇంకో చిన్న సంగతి, మేడం బయటి ఊరివారు కాబట్టి చెప్పాలి. మొదటి టర్మ్ ఫీజు జూన్ నెలాఖరుకు కట్టాలన్నారు. మన దగ్గర జూన్, జూలై అంటే తోతాపురి మామిడి కోత. కాయ గుజ్జు ఫ్యాక్టరీకి చేరి, డబ్బు చేతికొచ్చేసరికి ఆగస్టు దాటుతుంది. 2025లో ఏమైందో అందరం చూశాం. ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం కిలోకు పన్నెండు రూపాయలని ప్రకటించినా, ట్రాక్టర్లు రోజుల తరబడి గేట్ల ముందు నిలబడ్డాయి, కాయ కుళ్లింది. ఆ ఏడాది యూనిఫాం బాకీలు నాకు సంక్రాంతికి గానీ రాలేదు. బిడ్డల చదువుకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడినా, అది ముందు పాత అప్పుకే పోతుంది. గుడిపాల, తవణంపల్లె బిడ్డలకు గడువు సెప్టెంబరుకు జరిపితే స్కూలుకు పెద్దగా పోయేదేమీ లేదు. లేదంటే ఫీజు కట్టలేదని జూలైలో హాల్లో నిలబెట్టే బిడ్డలు ఎవరో మేడం ఒకసారి లెక్క చూసుకోవాలి. తొమ్మిదిలో టీసీ అందుకునేవాళ్లు కూడా చాలావరకు వాళ్లే.

నేను అడిగేది ఇది. టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు పాస్ శాతం పక్కనే ఇంకో అంకె కూడా నోటీసు బోర్డులో వేయండి. నాలుగేళ్ల ముందు ఆరో తరగతి ముగించినవాళ్లు ఎందరు, వాళ్లలో మన బడి నుంచే టెన్త్ రాసినవాళ్లు ఎందరు అన్నది. ఉద్యోగం బదిలీ అయ్యో, ఊరు మారో వెళ్లినవాళ్లను పక్కన పెట్టండి, అది న్యాయమే. మిగిలినవాళ్లలో ఒక్కరు తగ్గినా ఎందుకు తగ్గారో అక్కడే రాయండి. పాస్ శాతం తొంభై రెండు వచ్చినా ఫరవాలేదు. మా మనవరాలిని అక్కడే చదివిస్తాం, ఊళ్లో పదిమందికీ చెబుతాను. ఐఐటీ ఫౌండేషన్ పెట్టండి, వద్దనను. దాంతోపాటు సాయంత్రం ఒక గంట, వెనకబడ్డవాళ్ల కోసం, ఫీజు లేకుండా, ఆ పాత వరండాలోనే పెట్టండి. పాత విద్యార్థులం కొందరం వంతులవారీగా బొరుగుల ఖర్చు పెట్టుకుంటాం, ఇప్పటికే మాట్లాడుకున్నాం.

బ్లేజర్ విషయం మాత్రం డిసెంబరులోపే తేల్చి చెప్పండి. పాత గుడ్డే ఉంటుందంటే సంక్రాంతి తర్వాత నేను మిల్లుకు ఆర్డరు పెట్టాలి. ఆలస్యమైతే ఆ రంగు దొరకదు.

ఇట్లు,
ఒక టైలర్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు
(మనవరాలు అక్కడే చదువుతున్నందున పేరు ప్రచురించవద్దని మనవి.)